ఊరి పక్కన గాలిమరల ప్రాజెక్టు వస్తే ఊరికి దక్కేదేమిటి? సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఉరవకొండ దగ్గర మీ ఊరి గుట్టల మీద, చుట్టూ ఉన్న మెట్ట పొలాల్లో 100 మెగావాట్ల గాలిమరల ప్రాజెక్టు పెడతామని మనుషులు తిరుగుతున్నారు. రోడ్లు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి, కరెంటు బాగుపడుతుంది అని చెబుతున్నారు. మీ నాన్నగారికి ఉన్న ఆరెకరాల్లో రెండున్నర ఎకరాలు అడుగుతున్నారు. మీరు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు, ఊళ్లో ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. ఊరికి నిజంగా లాభం ఉందా, భూమి ఇవ్వాలా వద్దా?

ముందు సూటిగా చెబుతాను. లాభం ఉంది. కానీ అది అందరికీ సమానంగా రాదు, దానంతట అదీ రాదు. మర నిలబడే పొలం ఎవరిదో వాళ్లకు డబ్బు నేరుగా అందుతుంది. మిగతా ఊరికి మాత్రం మొదటి క్రేన్ ఊళ్లోకి రాకముందు కాగితం మీద రాయించుకున్నదే దక్కుతుంది. మీ నాన్నగారి విషయంలో నా సలహా, పట్టా భూమి అయితే అమ్మొద్దు, లీజుకు ఇవ్వండి. డీకేటీ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అయితే ఆ కథ వేరే ఉంది, కింద రాస్తాను.

నేను అనంతపురం, కర్నూలు జిల్లాల్లో పదహారేళ్లు గాలిమరల సైట్ల దగ్గర భూముల పని చేశాను. రైతుల ఇళ్లకు వెళ్లి మాట్లాడటం, సర్వే చేయించడం, రిజిస్ట్రేషన్ దాకా తీసుకురావడం నా పని. ఆ పని మానేసి నాలుగేళ్లయింది. అప్పుడు కంపెనీ తరఫున రాయించిన కాగితాలనే ఇప్పుడు రైతులు తెచ్చి చూపిస్తే చదివి చెబుతున్నాను. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

కరెంటు మాట మొదట తేల్చేద్దాం. మీ ఊళ్లో మర తిరిగినంత మాత్రాన మీ ఊళ్లో కరెంటు కోతలు తగ్గవు, బిల్లు తగ్గదు. మరలో పుట్టే కరెంటు సాధారణంగా 690 వోల్టులు ఉంటుంది. టవర్ కిందో, పైనో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33 కేవీకి, అంటే 33 వేల వోల్టులకు పెంచుతుంది. అక్కడి నుంచి ప్రాజెక్టు సొంత సబ్‌స్టేషన్‌కు, అక్కడ 132 లేదా 220 కేవీకి పెంచి గ్రిడ్‌లోకి పంపుతారు. మీ ఊరికి వచ్చే లైను వేరు. వ్యవసాయానికి ఉచిత కరెంటు ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా ప్రభుత్వం ఇచ్చేదే. ఎవరైనా "ఊరికి కరెంటు ఫ్రీ" అంటే ఆ ముక్క రాసిమ్మని అడగండి. ఇంతవరకు ఎవరూ రాసివ్వడం నేను చూడలేదు.

ఉద్యోగాల సంగతి. కట్టేటప్పుడు పని బాగానే ఉంటుంది. పునాదులకు, రోడ్లకు, కాపలాకు, ట్రాక్టర్లకు, టిప్పర్లకు, నీళ్ల ట్యాంకర్లకు, వచ్చినవాళ్లకు అద్దె ఇళ్లకు, మెస్‌లకు ఏడాదిన్నర పాటు ఊళ్లో డబ్బు తిరుగుతుంది. కట్టడం అయిపోయాక మిగిలేవి తక్కువ. కాపలావాళ్లు, సబ్‌స్టేషన్ ఆపరేటర్లు, టెక్నీషియన్లు, డ్రైవర్లు. ఇందులో బాగా జీతం వచ్చేది టెక్నీషియన్ పనికి. దానికి ఐటీఐ ఎలక్ట్రికల్ గానీ డిప్లొమా గానీ ఉండాలి, వంద మీటర్ల పైకి నిచ్చెన ఎక్కి పని చేయగలిగే ఒళ్లు, ధైర్యం ఉండాలి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ ఆధ్వర్యంలో వాయుమిత్ర పేరుతో శిక్షణ ఉంది. గాలి కొలిచే సన్నటి టవర్ మీ ఊరి దగ్గర నిలబెట్టి ఉంటే, మరలు రావడానికి ఇంకా ఏడాది రెండేళ్లు టైం ఉన్నట్టే. ఊళ్లో ఐటీఐ చదివిన పిల్లలుంటే ఆ టైంలోనే పంపండి. మరలు నిలబడ్డాక అడిగితే వాచ్‌మన్ పని మాత్రమే మిగులుతుంది. నేను పని చేసిన ఒక సైట్‌లో ముగ్గురు పిల్లలు ముందుగా నేర్చుకుని వచ్చారు, వాళ్లు ఇప్పటికీ ఆ లైన్‌లోనే ఉన్నారు. పక్క ఊరి వాళ్లు ధర్నా చేస్తే పదకొండు మందికి కాపలా పని ఇచ్చారు, కాంట్రాక్టర్ మారినప్పుడు అందులో ఏడుగురు పోయారు.

రోడ్లు నిజమైన లాభమే. ఒక్కో రెక్క యాభై మీటర్లు దాటి ఉంటుంది. దాన్ని మోసే ట్రైలర్ మలుపు తిరగాలంటే బండ్ల బాట సరిపోదు, వెడల్పు చేయక తప్పదు. ఆ రోడ్డు మీద తర్వాత మీ ట్రాక్టర్ పోతుంది, చీనీ (బత్తాయి) కాయల లారీ తోట దాకా వస్తుంది. ఇంతకుముందు గట్టు దాకా మోసుకొచ్చే బాధ తప్పిన రైతులు చాలామంది నాకు తెలుసు. అయితే రెండు జాగ్రత్తలు. బరువైన బండ్లు తిరిగి ఊరి పాత తారు రోడ్డు చితికిపోతుంది, దాన్ని తిరిగి ఎవరు, ఏ నెలకల్లా వేస్తారో ముందే రాయించుకోవాలి. రెండోది దీనికన్నా పెద్దది, వంకల గురించి, అంటే వాన నీళ్లు పారే వాగుల గురించి.

గుట్ట మీద రోడ్డు కోస్తే వాన నీళ్ల దారి మారుతుంది. మన జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా నాలుగైదు గట్టి వానల్లోనే చాలా వరకు పడిపోతుంది. ఆ నాలుగు వానల నీళ్లు వంక పట్టి చెరువుకు చేరితేనే బోర్లు నిలుస్తాయి. నేను పని చేసిన ఒకచోట వంక మీద రోడ్డు వేసి కింద చిన్న పైపులు రెండు పెట్టారు. వేసవిలో చూస్తే ఎవరికీ తప్పు కనిపించలేదు. మొదటి పెద్ద వానకు పైపులు మట్టితో పూడిపోయి, నీళ్లు పక్కకు మళ్లి ఇద్దరు రైతుల పొలాల మట్టిని కోసుకుపోయాయి, చెరువుకు రావలసినంత నీరు రాలేదు. పెద్ద తూములు పెట్టించడానికి ఊరి వాళ్లు రెండేళ్లు తిరగాల్సి వచ్చింది. ఆ రెండేళ్లూ వాళ్లతో మాట్లాడాల్సిన మనిషిని నేనే, ఆ బాధ నాకు ఇంకా గుర్తుంది. రోడ్డు ప్లాన్ ఖాయం కాకముందే ఊరి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ప్రతి వంకా తిరిగి చూపించండి. పెద్ద వానకు నీళ్లు ఎంత ఎత్తున వస్తాయో డ్రాయింగ్ గీసే ఇంజనీరుకు తెలియదు, మీ ఊళ్లో డెబ్బై ఏళ్ల గొర్రెల కాపరికి తెలుసు.

ఇక భూమి. ఒక మర పునాది సుమారు పద్దెనిమిది, ఇరవై మీటర్ల వెడల్పు ఉంటుంది. పక్కన క్రేన్ నిలబడటానికి చదును చేసిన జాగా, రోడ్డు కలుపుకుని రెండు మూడు ఎకరాలు అడుగుతారు. మరకూ మరకూ మధ్య కొన్ని వందల మీటర్ల దూరం వదలాలి కాబట్టి మిగతా పొలమంతా సాగుకే ఉంటుంది. వేరుశనగ, కంది, ఆముదం, చీనీ ఏదైనా వేసుకోవచ్చు. సోలార్‌కూ దీనికీ పెద్ద తేడా ఇదే. సోలార్ పొలాన్ని మొత్తం కప్పేస్తుంది.

అమ్మకం, లీజు అన్న ప్రశ్నకు ముందు ఒక లెక్క చూడండి. 2 మెగావాట్ల మర మంచి గాలి ఉన్నచోట 30 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి సుమారు 52 లక్షల యూనిట్లు ఇస్తుంది. 2017లో దేశంలో మొదటిసారి గాలి కరెంటుకు వేలం పెట్టినప్పుడు పలికిన ధర యూనిట్‌కు 3 రూపాయల 46 పైసలు. ఆ ధరతో వేసుకున్నా ఏడాదికి కోటీ ఎనభై లక్షలు. అందులో బ్యాంకు అప్పు, వడ్డీ, నిర్వహణ పోతాయి, అంతా లాభం కాదు. అయినా ఈ లెక్క మీ నాన్నగారికి తెలిసి ఉండాలి. మెట్ట భూమికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్న రేటు చెప్పి, "దాని మీద రెండింతలు ఇస్తున్నాం కదా" అనే మధ్యవర్తి ఈ లెక్క చెప్పడు.

మధ్యవర్తుల గురించి ఒక మాట. నా కళ్లముందు జరిగింది చెబుతున్నాను. ఒక రైతు కూతురి పెళ్లి ముందుందని మూడెకరాలు ఊళ్లో పరిచయమున్న మనిషికి అమ్మాడు. ఆరు నెలల్లో అదే భూమి కంపెనీ పేరు మీదకు మూడింతల ధరకు మారింది. ఆ రైతు తర్వాత మా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు. ఎవరినీ తిట్టలేదు, "నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది కదన్నా" అన్నాడు. చట్టప్రకారం చేయడానికి ఏమీ మిగల్లేదు. అందుకే కొనేది ఎవరు, అగ్రిమెంటులో ఉన్న పేరు ఎవరిది అన్నది మొదట చూడండి. కంపెనీ ఇచ్చిన అధికార పత్రం లేని మనిషితో అడ్వాన్సు కూడా తీసుకోవద్దు.

లీజు అయితే 25 నుంచి 30 ఏళ్లు ఉంటుంది. ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ కావాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకాలు చాలవు. అందులో నేను మొదట వెతికే విషయాలు ఇవి. అద్దె ఎప్పటి నుంచి మొదలవుతుంది, సంతకం నుంచా, మర తిరిగినప్పటి నుంచా? ఎన్నేళ్లకు ఎంత శాతం పెరుగుతుంది? రెండు మూడేళ్లలో పని మొదలుపెట్టకపోతే భూమి తిరిగి మీ చేతికి వస్తుందా? చాలా అగ్రిమెంట్లలో ఈ ముక్క ఉండదు. భూమి కట్టుబడిపోయి, ఇటు అమ్ముకోలేక, అటు అద్దె రాక రైతులు ఏళ్ల తరబడి ఆగిపోయారు. అద్దె ఆలస్యమైతే వడ్డీ ఎంత? కంపెనీ బ్యాంకులో తాకట్టు పెట్టుకునేది తన లీజు హక్కునా, మీ భూమినా? ఈ చివరిది తెలుగులో చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

ఆలస్యం గురించి ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, 2019లో మన రాష్ట్రంలో ఏం జరిగిందో చూశాను. గాలి, సోలార్ కరెంటు ధరలు ఎక్కువగా ఉన్నాయని ప్రభుత్వం పాత ఒప్పందాలను తిరగదోడింది. గాలి కరెంటుకు యూనిట్ 4 రూపాయల 84 పైసల ఒప్పందాలు ఉన్నచోట, కోర్టులో తేలేదాకా 2 రూపాయల 43 పైసల లెక్కన బిల్లులు చెల్లించే పరిస్థితి వచ్చింది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఆ మధ్య కాలంలో నేనున్న చోట రైతుల అద్దెలు నెలల తరబడి ఆలస్యమయ్యాయి. ఫోన్లు ఎత్తి సమాధానం చెప్పలేక నేను పడ్డ అవస్థ పక్కన పెట్టండి, ఆ అద్దె మీద పిల్లల ఫీజులు పెట్టుకున్నవాళ్లు అప్పులు చేశారు. కరెంటు ఎవరు కొంటున్నారు, ఎన్నేళ్లకు ఒప్పందం ఉంది అని అడిగే హక్కు మీకుంది. అడగండి.

డీకేటీ భూమి విషయం. 1977 చట్టం ప్రకారం ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమిని అమ్మడం, కొనడం చెల్లదు. 2023లో చేసిన సవరణతో ఇరవై ఏళ్లు దాటిన డీకేటీ భూముల మీద అసలు పట్టాదారుకు, వారసులకు హక్కులు ఇచ్చారు. అయినా మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, తీసేశారా అన్నది చూసుకోకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. అడంగల్ (సాగు వివరాలు), 1బీ (హక్కుదారు వివరాలు), ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నాలుగూ తీసుకోండి. రీసర్వే జరిగిన ఊరైతే కొత్త నంబరు, పాత నంబరు రెండూ సరిచూడండి. మీ నాన్నగారి పేరు మీద పంట రుణం ఉంటే అది కూడా బ్యాంకుతో ముందే మాట్లాడాలి.

ఇప్పుడు భూమి లేనివాళ్ల గురించి. ఇది నన్ను ఇప్పటికీ వదలని విషయం. 33 కేవీ లైను వేసేటప్పుడు, క్రేన్ ఒక మర నుంచి ఇంకో మరకు పొలాల మీదుగా పోయేటప్పుడు నిలబడి ఉన్న పంట పోతుంది. దానికి నష్టపరిహారం ఇస్తారు. కానీ చెక్కు పట్టాదారు పేరు మీద వస్తుంది. పెట్టుబడి పెట్టి, కలుపు తీసి, ఆ పంట వేసింది కౌలు రైతు. నేను రాయించిన చెక్కుల్లోనే కొన్ని అలా పోయాయి. మంచి పట్టాదారులు కౌలుదారుకు ఇచ్చేశారు, కొందరు ఇవ్వలేదు. పంట సాగుదారు హక్కు పత్రం ఉన్నవాళ్లకు పంట నష్టం నేరుగా సాగు చేసినవాళ్ల పేరు మీదే ఇవ్వాలని ఊరి ఒప్పందంలో ఒక వాక్యం పెట్టించండి. పత్రం లేనివాళ్ల విషయంలో గ్రామ సచివాలయం వాళ్లను, ఇద్దరు పక్క పొలం రైతులను సాక్షులుగా పెడితే చాలు.

గొర్రెల కాపరులదీ ఇదే పరిస్థితి. రికార్డుల్లో గుట్ట "బంజరు" అని ఉంటుంది, వాళ్లకు అది మేత. మన పక్కనే శ్రీసత్యసాయి జిల్లాలో కల్పవల్లి ఉంది. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ఊళ్ల వాళ్లు ఏళ్ల తరబడి కాపాడి మళ్లీ పచ్చగా చేసుకున్న కొండలు అవి. కాగితాల్లో అది రెవెన్యూ బంజరు కాబట్టి కొండ మీద మరలు వచ్చాయి, రోడ్లు కోశారు, గొడవ పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మీ గుట్టను ఊరు వాడుకుంటున్నట్టు ఇప్పుడే గ్రామసభలో తీర్మానం రాయించండి. మేత ఎక్కడ, కుంటలు ఎక్కడ, మందలు దాటే బాట ఎక్కడ అన్నవి పటం గీసి దానికి జత చేయండి. మరలు తిరగడం మొదలయ్యాక వాటి కింద గొర్రెలు మేపుకోవడానికి అడ్డు లేదు, చాలాచోట్ల మేపుతున్నారు కూడా. కంచె వేసి తోలేయకూడదని మాత్రం ముందే రాయించాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గాలిమరల ప్రాజెక్టులు 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ పరిధిలోకి రావు, కాలుష్య మండలి లెక్కలో అవి వైట్ కేటగిరీ, అంటే కాలుష్యం దాదాపు లేనివి. అందువల్ల సిమెంటు ఫ్యాక్టరీకి పెట్టినట్టు కలెక్టర్ సమక్షంలో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలన్న నియమం లేదు. "మీటింగు పెడతారు, అప్పుడు మాట్లాడదాం" అని ఊరు కాచుకుని కూర్చుంటే ఆ మీటింగు రాకపోవచ్చు. మీ ఊరే గ్రామసభ పెట్టి కంపెనీని పిలవాలి.

దూరాల గురించి 2016 కేంద్ర మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. శబ్దం కారణంగా ఏ ఇంటికైనా 500 మీటర్ల లోపు మర పెట్టకూడదు. రోడ్లు, భవనాలు, పెద్ద కరెంటు లైన్ల నుంచి టవర్ ఎత్తు, రెక్కలు తిరిగే చక్రం అడ్డ వెడల్పులో సగం, ఇంకో 5 మీటర్లు, ఈ మూడూ కలిపినంత దూరం ఉండాలి. 120 మీటర్ల టవర్‌కు 120 మీటర్ల వెడల్పు రెక్కల చక్రం ఉంటే 185 మీటర్లు. పొలంలో కాపురముంటున్న కుటుంబాల ఇళ్లు మ్యాపులో కనిపించవు. అలాంటివి ఉంటే ఫోటో తీసి ఇప్పుడే పంపండి.

మరలు మబ్బులను చెదరగొట్టి వాన పడనివ్వవని మీ ఊళ్లో కూడా అంటున్నారని రాశారు. ఈ మాట ప్రతి ఊళ్లో విన్నాను, అడిగినవాళ్లను తప్పు పట్టను, వరసగా కరువులు చూసినవాళ్లు వాళ్లు. కానీ అది నిజం కాదు. రెక్క కొన రెండొందల మీటర్లు దాటితే ఎక్కువ. వాన మబ్బులు దానికి ఎన్నో రెట్ల పైన, వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. నైరుతి గాలి పడమటి కనుమల మీద తడి దింపేసుకుని మన వైపు పొడిగా, జోరుగా వస్తుంది. ఆషాఢంలో మనం చూసే గాలి అదే. మనకు వాన తక్కువ కావడానికీ, మరలకు మంచి గాలి దొరకడానికీ కారణం ఒకటే.

సీఎస్‌ఆర్ డబ్బుతో (కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన సొమ్ము) ఊరిని అభివృద్ధి చేస్తామన్న మాట. 2013 కంపెనీల చట్టం ప్రకారం గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, అదీ ఒక స్థాయి దాటిన కంపెనీలే. గాలి ప్రాజెక్టులను సాధారణంగా విడిగా ఒక చిన్న కంపెనీ పేరు మీద కడతారు. మొదటి ఏళ్లలో వడ్డీలు, తరుగుదల పోగా దానికి చూపించడానికి లాభమే ఉండకపోవచ్చు. లాభం లేకపోతే ఆ 2 శాతమూ లేదు. అందుకని సీఎస్‌ఆర్ అన్న మాటతో ఆగిపోకుండా, పనుల పేర్లు రాయించండి. కర్నూలు వైపు ఒక ఊరి సర్పంచ్ రోడ్డు పని మొదలు కాకముందే ఒక పేజీ ఉత్తరం రాయించుకుంది. ఏ రోడ్డు, ఎన్ని తూములు, మంచినీళ్ల ప్లాంటు ఎక్కడ, ఏ నెలకల్లా అని. అన్నీ వచ్చాయి, ఒకటి మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆమె చదువుకున్నది పదో తరగతి. పక్క ఊరి పెద్దలు నోటి మాట మీద ఉండిపోయారు, వాళ్లకు బడికి రంగులు వచ్చాయి.

చివరగా మీ నాన్నగారి రెండున్నర ఎకరాలు. పొలంలో బోరు ఎక్కడుందో, చీనీ చెట్లు ఏ వైపున ఉన్నాయో మీరు రాయలేదు. 33 కేవీ తీగల కింద బోరు బండి నిలబెట్టనివ్వరు, ఎత్తు పెరిగే చెట్లు పెంచనివ్వరు. కాబట్టి మర ఎక్కడ పడుతుంది అన్నదానికన్నా తీగ పొలాన్ని ఏ వైపు నుంచి దాటుతుంది అన్నది మీకు ముఖ్యం. గట్టు వెంబడి తీసుకెళ్లమని అడగొచ్చు, లైను వేయకముందు అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. రాతి నేల అయితే పునాది కోసం రాయి పేల్చే ముందు బోరులో నీళ్లు ఎన్ని అంగుళాలు వస్తున్నాయో తేదీతో సహా వీడియో తీసి పెట్టుకోండి. ఈ ఆదివారం ఊరికి వెళ్తే ఎఫ్‌ఎంబీ కాపీ మీద బోరు, చెట్లు, వంక గుర్తు పెట్టి, వాళ్లిచ్చిన అగ్రిమెంటు ముసాయిదాతో పాటు ఇక్కడ పెట్టండి. పేర్లు, సర్వే నంబర్లు చెరిపేసి పెట్టండి. చదివి ఏ వాక్యం మార్పించాలో చెబుతాను.